ముప్పై ఏడో కంచం

శతాబ్ది సంచిక వాళ్లు
మన హౌస్ చరిత్రకు అరపేజీ ఇచ్చారు.
మిగతా సగం సిమెంటు కంపెనీ ప్రకటనకట.
సరే. అరపేజీలో పట్టనిది
ఇక్కడ రాసి వంటింటి అలమరలో పెడుతున్నాను,
మీ చేతికి తగిలే చోట.

మిగతా మూడు హౌసులకీ బిషప్పుల పేర్లు.
మనది వంటమనిషి పేరు: బెంచివా.
పాత జీతాల పద్దులో ఆ పేరు కూడా లేదు.
'వంట, నెలకు ఒక పౌండు పది షిల్లింగులు.'
సంతకం చోట వేలిముద్ర,
దాని మీద పామాయిలు మరక.

మెట్ల పక్క గోడ మీద లాటిన్ మాటలున్నాయి, చూశారుగా.
ఏటా వాటికి బంగారు రంగు పూస్తాం.
ఇరవై రెండేళ్లుగా ఈ హౌస్ నా చేతిలో ఉంది,
వాటి అర్థం నాకు తెలీదు.
అడిగిన పిల్లకల్లా ఒక్కో అర్థం చెబుతూ వచ్చాను.
అసలు మాట గోడ మీద లేదు,
ఆమె నోట్లో ఉండేది:
"కంచాలు లెక్కపెట్టండి."

యాభై ఒకటిలో, హర్మట్టాన్ దుమ్ము
దీపాల చుట్టూ పసుపుగా ముసిరిన రాత్రి
ముప్పై ఏడు కంచాల్లో ఒకటి ఎంగిలి కాలేదు.
హాజరు పట్టీలో అందరూ ఉన్నారు.
ఎవరో స్నేహం కొద్దీ రెండుసార్లు పలికారు.
పట్టీ అబద్ధమాడింది,
కంచానికి అది చేతకాలేదు.

బెంచివా లాంతరు తీసుకుని
ఎవరినీ అడక్కుండా గేటు దాటింది.
ఉప్పుకయ్య ఒడ్డున మడవేళ్ల మధ్య
మోకాలి లోతు బురదలో దొరికింది పిల్ల, అరబా ఎసాబా.
ఇంటికి పోదామని బయల్దేరి
ఇల్లెటో మరిచిపోయింది.
వీపున మోసుకొచ్చి, కెంకే ఆకు ఒలిచి,
చేపకు ముళ్లు తీసి
"తిను" అందట. అంతే, ఇంకేమీ అడగలేదట.
మర్నాడు గేటు దాటినందుకు
పది షిల్లింగులు కోత.
పద్దులో అదీ ఉంది, ఎర్ర సిరాతో.

ఆ అరబాయే పెద్దదై పాలకమండలిలో కూర్చుని
బిషప్పు పేరు తీయించి ఈ పేరు పెట్టించింది.
మూడు సమావేశాలు పట్టింది,
ఒకదానిలో కుర్చీ విరిగింది.

జెండాది సముద్రపు నీలమని పాడుకుంటాం.
సముద్రమూ లేదు, ఏమీ లేదు.
ఆమె నడుముకు చుట్టుకునే గుడ్డ
ఉతికి ఉతికి వెలిసిన రంగది.
పరుగు పందేల్లో ఆ రంగు ఎప్పుడూ ఆఖరు.
ఇన్నేళ్లకు రెండే కప్పులు,
ఒకదాన్లో ఇప్పుడు సుద్దముక్కలు పెడుతున్నాం.

ఇక, ఎక్కడా రాయలేనిది.
నేను ప్రిఫెక్టుగా ఉన్న ఏడు
ఒక శుక్రవారం రాత్రి లెక్కపెట్టలేదు.
రేడియోలో ఫుట్‌బాల్. మనవాళ్లు గెలుస్తున్నారు.
క్వాన్సిమా అనే పిల్ల
నీళ్ల ట్యాంకు వెనక మెట్ల మీద
చలిజ్వరంతో తెల్లారేదాకా కూర్చుంది.
బతికింది. తకోరాడీలో బట్టల కొట్టు పెట్టుకుంది.
నన్ను చూస్తే నవ్వుతుంది,
ఆ రాత్రి మాట ఎన్నడూ ఎత్తలేదు.
గజం గుడ్డ అడిగితే
గజం మీద బెత్తెడు ఎక్కువ కోస్తుంది.
ఆ బెత్తెడు మోయలేను.

మొన్న పైనుంచి ఒక అట్ట వచ్చింది.
'మన విలువలు' అని ఐదు పెద్ద మాటలు,
మీచేత వల్లె వేయించమని.
మంచి మందపాటి అట్ట.
వంటింటి కిటికీకి అడ్డం పెట్టాను,
పొయ్యి మీద జల్లు పడటం లేదు.

రాత్రి తొట్టి దగ్గర నిలబడండి.
వేడినీళ్లలో చెయ్యి పెట్టి
ఒకటి, రెండు అని పైకే అనండి.
నవ్వొస్తే నవ్వండి, లెక్క తప్పకండి.
ఒకటి తగ్గిందా,
ముందు నన్ను లేపుతూ కూర్చోకండి.
లాంతరు మేకుకే ఉంది.
నూనె పోసే ఉంది.